క్యాన్సరుపై రక్షక కణములు – గ్రామపెద్దలు ఎరుగవలసిన సంగతులు

(కృష్ణా డెల్టా గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశములో సమాచారశాఖోద్యోగి ఒకరు చేసిన ప్రసంగ పాఠము)



ఈ ఉదయము మీరు మురుగు కాల్వల పూడికతీతను గూర్చియు, మంచినీటి చెరువులను గూర్చియు చాలసేపు చర్చించితిరి. ఆ విషయములు నాకంటె మీకే బాగుగ తెలియును. నేను మాటలాడబోవునది పంచాయతీ తీర్మానముల పుస్తకములో సాధారణముగ కనిపించని విషయము. అయినను ఏ ఊరికి పోయినను ఎవరో ఒకరు నన్ను ప్రక్కకు పిలిచి, గొంతు తగ్గించి అడుగుచున్న విషయము. అది క్యాన్సరు వ్యాధి. మన పెద్దలు దీనినే రాచపుండు అనెడివారు. పేరు పలుకుటకే భయపడెడివారు.

మొదట నా పొరపాటు ఒకటి మీకు చెప్పుకొనవలెను. 2024 వేసవిలో ఒక గ్రామసభలో నేను మాటలాడితిని. అంతకు కొలది దినముల క్రితమే, ఏప్రిల్ 4వ తేదీన, బొంబాయి ఐ.ఐ.టి. ఆవరణలో రాష్ట్రపతి శ్రీమతి ద్రౌపది ముర్ము ఒక నూతన చికిత్సను జాతికి అంకితము చేసిరి. రోగి రక్తములోని రక్షక కణములనే తీసి, వానికి క్యాన్సరును గుర్తించు శక్తిని కల్పించి, తిరిగి రోగికి ఎక్కించు చికిత్స అది. ఉత్సాహములో నేను "క్యాన్సరుకు మన దేశములోనే మందు వచ్చినది" అని సభలో ప్రకటించితిని. చప్పట్లు మ్రోగినవి. నేను సంతోషముతో ఇంటికి పోయితిని.

ఆ యేటి సార్వా కోతల నాడు ఒక రైతు నన్ను వెదకుకొనుచు విజయవాడ వచ్చెను. "అయ్యా, ఆ రోజు మీరు చెప్పిన మందు మా వదినకి పనికొస్తుందాండీ? కడుపులో గడ్డండి. ఒకాయన వచ్చాడండి. రక్తంలో కణాలు తీసి, పెంచి ఎక్కిస్తారంట. పదిలక్షలు అవుతుందంటున్నాడు. ఎకరం బేరం పెట్టాం. మీరే చెప్పారు కదా అని ధైర్యం చేశామండి" అనెను.

నేను సభలో చెప్పినది అసత్యము కాదు. కాని సగము మాత్రమే చెప్పితిని. ఆ చికిత్స కొన్ని రక్తపు క్యాన్సర్లకు సంబంధించినది. కడుపులోని గడ్డ వేరు. ఈ భేదమును నేను చెప్పకపోవుటచేత ఒక కుటుంబము ఎకరము పొలమును బేరమునకు పెట్టినది. చెప్పక విడిచిన ఆ మిగిలిన సగమును నేడు మీ ఎదుట చెప్పదలచితిని. నేను వైద్యుడను కాను. వైద్యులు ప్రకటించిన విషయములను చదివి, అర్థము చేసికొని, మీ భాషలో చెప్పుట నా ఉద్యోగము.

భీమవరము బిడ్డ చూపిన దారి

ఈ కథకు ఆరంభము మన తెలుగుగడ్డపైననే ఉన్నది. 1895లో భీమవరములో జన్మించిన డాక్టరు ఎల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాకు వెళ్ళి, అచ్చటనే పరిశోధనలు సాగించిరి. లెడర్లీ సంస్థలో వారి నాయకత్వమున జరిగిన కృషి ఫలితముగ ఫోలిక్ ఆమ్లమును ప్రయోగశాలలో తయారుచేయుట సాధ్యమైనది. పిదప ఆ ఆమ్లమును పోలియుండి, దాని పనికి అడ్డుపడు మందులు అక్కడ తయారైనవి. క్యాన్సరు కణములు వేగముగ పెరుగుటకు ఫోలిక్ ఆమ్లము అవసరము. దానిని పోలిన నకిలీ వస్తువును అందించినచో కణము మోసపోయి పెరుగుట మానును. ఇదియే అందలి కిటుకు.

బోస్టను నగరమున డాక్టరు సిడ్నీ ఫార్బరు ఈ మందులలో ఒకదానిని రక్తపు క్యాన్సరుతో బాధపడుచున్న 16 మంది పిల్లలకు ఇచ్చిరి. వారిలో 10 మందికి గుణము కనిపించినదని 1948లో ప్రకటించిరి. అంతకుముందు ఆ వ్యాధికి ఏ మందును పనిచేయలేదు. కాని ఆ గుణము నిలువలేదు. కొలది మాసములకే వ్యాధి తిరుగబెట్టినది. అదే సంవత్సరము ఆగస్టులో సుబ్బారావుగారు కన్నుమూసిరి.

మందు మొదట పనిచేసి తరువాత ఏల పనిచేయలేదు? డెల్టా రైతునకు ఈ ప్రశ్నకు సమాధానము తెలియును. వరిచేలో సుడిదోమకు ఒకే మందును ఏటేట కొట్టుచుండిన, మొదటి యేడు దోమ రాలిపడును. చావక మిగిలిన కొద్దిపాటి దోమ పిల్లలను పెట్టును. ఆ పిల్లలు మందునకు లొంగవు. రెండు మూడేండ్లకు ఎంత మోతాదు కొట్టినను ప్రయోజనముండదు. క్యాన్సరు కణములలోను ఇట్లే జరుగును. లొంగినవి నశించును, లొంగనివి మిగిలి పెరుగును. క్యాన్సరు వైద్యమునకు నాటినుండి నేటివరకు ప్రధాన శత్రువు ఈ లొంగని గుణమే.

అయినను నిరాశపడవలసిన పని లేదు. సుబ్బారావుగారి బృందము నుండి వచ్చిన మెథోట్రెక్సేటు అను మందుతోనే 1956లో అమెరికా వైద్యులు మిన్ చియు లీ, రాయ్ హెర్ట్‌జ్ అనువారు గర్భిణుల మాయలో పుట్టు ఒక క్యాన్సరును పూర్తిగ నయముచేసిరి. కేవలము మందుతో నయమైన మొదటి గట్టి కణితి అదియే. ఆ మందును నేటికిని వైద్యులు వాడుచున్నారు. కొన్ని మందులను కలిపి ఇచ్చుటచేత పిల్లల రక్తపు క్యాన్సరు కూడ నేడు చాలమందిలో నయమగుచున్నది.

ఒంటిలోని కావలివారు

మన రక్తములో తెల్లకణములు కలవు. వానిలో ఒక జాతి టి కణములు. రొమ్ము ఎముక వెనుకనుండు థైమస్ గ్రంథిలో శిక్షణ పొంది ఇవి రక్తములోనికి వచ్చును. ఊరి కావలివాడు రాత్రివేళ వీధివీధి తిరిగి, ఎదురైనవాని ముఖముపై లాంతరు వెలుగు పెట్టి చూచినట్లు, ఈ కణములు ప్రతి కణమును తాకి పరీక్షించును. పరాయి గుర్తు కనిపించినచో దానిని చంపును.

మరి క్యాన్సరు కణమును ఏల చంపవు? అది పరాయిది కాదు. మన ఒంటి కణమే దారితప్పి, అదుపులేక పెరుగుచున్నది. దాని ముఖము ఇంటివారి ముఖమువలెనే ఉండును. కావలివాడు తరచుగ దానిని విడిచిపెట్టును.

కనుక శాస్త్రజ్ఞులు కావలివానికి ఒక క్రొత్త కొక్కెమును అమర్చిరి. ఈ ఆలోచనకు 1989లో ఇజ్రాయెలు శాస్త్రజ్ఞుడు జెలిగ్ ఎష్హార్ బృందము రూపమిచ్చినది. పద్ధతి ఇట్లుండును: రోగి రక్తమును ఒక యంత్రము గుండ ప్రసరింపజేసి టి కణములను వేరుచేయుదురు. హాని చేయలేనట్లు మార్చిన ఒక వైరసు ద్వారా ఆ కణములలోనికి ఒక జన్యువును చేర్చుదురు. దానివలన కణము పైభాగమున క్యాన్సరు గుర్తును పట్టుకొను కొక్కెము మొలచును. అట్టి కణములను ప్రయోగశాలలో కోట్లకొలది పెంచి, సెలైను ఎక్కించినట్లు రోగికి తిరిగి ఎక్కించెదరు. దీనినే కార్-టి కణ చికిత్స అందురు.

2012లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున, ఏ మందునకును లొంగని రక్తపు క్యాన్సరు గల ఆరేండ్ల బాలికకు దీనిని ఇచ్చిరి. ఆమె బ్రతికినది. 2017లో అమెరికా ప్రభుత్వము ఈ చికిత్సకు అనుమతి ఇచ్చినది. మన దేశములో బొంబాయి ఐ.ఐ.టి., టాటా మెమోరియల్ ఆసుపత్రి, ఇమ్యునోయాక్ట్ సంస్థ కలసి రూపొందించిన నెక్స్‌కార్-19 అను చికిత్సకు 2023 అక్టోబరులో అనుమతి లభించినది. ఇతర చికిత్సలకు లొంగని, లేదా తిరుగబెట్టిన కొన్ని రక్తపు క్యాన్సర్లకు ఇది ఉద్దేశింపబడినది. 64 మంది రోగులపై జరిగిన పరీక్షల ఫలితములు 2025లో ప్రకటింపబడినవి. పరిశీలింపబడినవారిలో నూటికి 73 మందికి గుణము కనిపించినది. విదేశములలో మూడు, నాలుగు కోట్ల రూపాయలు ఖర్చగు చికిత్స ఇచ్చట సుమారు 30 నుండి 40 లక్షలకు వచ్చినది. ఇది మన శాస్త్రజ్ఞులు గర్వింపదగిన విజయమే. కాని 30 లక్షలన్నను మన సన్నకారు రైతునకు అందని మాటయే.

గట్టి కణితి ఏల లొంగదు?

ఇప్పుడు అసలు విషయమునకు వచ్చుచున్నాను. రక్తపు క్యాన్సరులో రోగకణములు రక్తములోను, మూలుగలోను తిరుగుచుండును. ఎక్కించిన రక్షక కణములు వానిని సులభముగ ఎదుర్కొనును. కాని మన గ్రామములలో ఎక్కువగ కనిపించునవి నోటిలో, రొమ్ములో, గర్భాశయ ముఖద్వారమున, కడుపులో పుట్టు గట్టి కణితులు. వీనియందు ఈ చికిత్సకు అనేక అడ్డంకులు కలవు.

మొదటిది గుర్తు సమస్య. రక్తపు క్యాన్సరు చికిత్సలో పట్టుకొను గుర్తు ఒక జాతి తెల్లకణములపై మాత్రమే ఉండును. రోగకణములతోపాటు ఆ జాతి మంచి కణములు నశించినను, వైద్య సహాయముతో మనిషి బ్రతుకగలడు. గట్టి కణితిపై ఉండు గుర్తులు ఊపిరితిత్తులపైనను, పేగులపైనను కూడ కొద్దికొద్దిగ ఉండును. 2010లో అమెరికా వైద్యులు ఒక విషాద సంఘటనను దాచక లోకమునకు వెల్లడించిరి. అట్టి కణములను ఎక్కించిన కొలది నిమిషములకే ఒక రోగికి ఊపిరి అందలేదు. అయిదు దినములకు మరణము సంభవించినది. ఆ కణములు ఊపిరితిత్తులలో ఉన్న స్వల్పమైన గుర్తును పట్టుకొని దాడిచేసినవని వారు భావించిరి.

రెండవది చేరుట. ప్రకాశము బ్యారేజి వద్ద నీరు విడిచినంత మాత్రమున శివారు పొలము తడియదు గదా! నడుమ కాల్వలో గుర్రపుడెక్క అల్లుకొన్నచో నీరు ఎగువనే నిలిచిపోవును. కణితి చుట్టును పీచువంటి కణజాలము దట్టముగ అల్లుకొనియుండును. రక్తనాళములు వంకరటింకరగ నుండును. ఎక్కించిన కణములలో కణితి లోపలికి చేరునవి కొద్ది మాత్రమే.

మూడవది నేల గుణము. సముద్రతీరపు ఉప్పుచౌడులో మేలైన విత్తనము చల్లినను మొలక మాడిపోవును. కణితి లోపల ప్రాణవాయువు తక్కువ, ఆమ్లము ఎక్కువ, ఆహారమునకు కరవు. అక్కడికి చేరిన రక్షక కణము కూడ నీరసించిపోవును.

నాలుగవది మోసము. రక్షక కణములు ఇంటివారిపైననే తిరుగబడకుండ ప్రకృతి కొన్ని కట్టుబాట్లు చేసినది. "ఇక చాలు, ఆగు" అని చెప్పు మీటలు వానిపై కలవు. అట్టి మీటలను కనుగొని, వానిని విడిపించి క్యాన్సరును చికిత్స చేయవచ్చునని చూపినందుకు 2018లో అమెరికాకు చెందిన అల్లిసన్‌కు, జపానుకు చెందిన హోంజోకు నోబెల్ బహుమతి వచ్చినది. రక్షక కణములను అదుపులోనుంచు పెద్దతరహా కణములు వేరొక జాతిగ ఉన్నవని కనుగొన్నవారికి 2025లో అదే బహుమతి వచ్చినది. కణితి ఈ కట్టుబాట్లనే తన స్వార్థమునకు వాడుకొనును. ఆగుమను మీటను తానే నొక్కును, ఆ పెద్దతరహా కణములను తన చుట్టు చేర్చుకొనును. దొంగయే గ్రామపెద్ద వేషము వేసికొని కావలివానిని ఇంటికి పంపినట్లు.

అయిదవది మనము ముందు చెప్పుకొన్న లొంగని గుణము. ఒక గుర్తును పట్టి చంపుచుండగా, ఆ గుర్తు లేని కణములు మిగిలిపోయి కణితి తిరిగి పెరుగును.

ఒక జన్యువు చాలనప్పుడు

దీనికి శాస్త్రజ్ఞులు చేయుచున్న ప్రయత్నము మీకు పరిచయము లేనిది కాదు. బాపట్ల పరిశోధనా స్థానమునుండి 1986లో వచ్చిన సాంబ మసూరి, అనగా మీరు వాడుకలో బి.పి.టి. అను వరి, ఎంత రుచియైనదో, ఎంత ధర పలుకునో మీకు తెలియును. దానికి బాక్టీరియా ఎండాకు తెగులు సోకెడిది. ఒక నిరోధక జన్యువును మాత్రమే చేర్చినచో తెగులు కొంతకాలమునకు దానిని దాటిపోవచ్చును. కనుక హైదరాబాదులోని వరి పరిశోధనా సంస్థ, సి.సి.ఎమ్.బి. శాస్త్రజ్ఞులు కలసి మూడు నిరోధక జన్యువులను సంకర పద్ధతిలో ఒకే రకములోనికి చేర్చిరి. 2008లో విడుదలైన మెరుగుపరచిన సాంబ మసూరి ఇదియే. తెగులు ఒక్క తలుపును దాటినను, ఇంక రెండు తలుపులు మూసియుండును.

గట్టి కణితుల విషయములోను ఆలోచన ఇట్టిదే. ఒకే కణమునకు రెండు గుర్తులను పట్టు రెండు కొక్కెములను అమర్చుచున్నారు. ఒక గుర్తు మాయమైనను రెండవది పట్టుకొనును. మంచి కణములకు హాని కలుగకుండ, బ్యాంకు లాకరునకు రెండు తాళపుచెవులు కావలసినట్లు, రెండు గుర్తులు ఒకచోట కనిపించిననే దాడిచేయునట్లు కొన్ని కణములను తీర్చిదిద్దుచున్నారు. కణితి నొక్కు "ఆగు" మీటను ముందుగనే తొలగించి పంపుచున్నారు. కణితి వెలువరించు అణచివేత సంకేతమునకు చెవిటివైన కణములను తయారుచేయుచున్నారు. చౌడులో నిలద్రొక్కుకొనుటకు తమకు వలయు బలవర్ధక పదార్థమును తామే స్రవించు కణములను రూపొందించుచున్నారు. శివారు పొలమునకు మోటారుతో నేరుగ నీరు పెట్టినట్లు, రక్తనాళము గుండ కాక కణితి ఉన్నచోటికే కణములను చేర్చి చూచుచున్నారు. చికిత్స అదుపు తప్పినచో కాల్వకు లాకు దింపినట్లు, ఒక మందుతో ఆ కణములను నశింపజేయు ఏర్పాటును కూడ కొన్నింటిలో చేర్చుచున్నారు.

ఇంతవరకు వచ్చిన ఫలితములు

ఇంత కృషికి ఫలితమేమి? ఉన్నదున్నట్లు చెప్పెదను.

2024 ఆగస్టులో అమెరికా ప్రభుత్వము గట్టి కణితికి మార్పుచేసిన టి కణముల చికిత్సను మొదటిసారిగ అనుమతించినది. అది మెత్తని కండభాగములలో పుట్టు ఒక అరుదైన కణితికి మాత్రమే. పరీక్షలో 44 మందికి ఇచ్చిరి. నూటికి 43 మందిలో కణితి తగ్గినది. పూర్తిగ మాయమైనవారు బహుకొద్దిమంది.

కడుపు క్యాన్సరుపై చైనాలో 156 మందితో జరిగిన పరీక్ష ఫలితములు 2025లో వెలువడినవి. గట్టి కణితులలో కార్-టి చికిత్సను ఇతర చికిత్సతో చీట్లువేసినట్లు విభజించి సరిపోల్చిన మొదటి పరీక్ష ఇది. అంతకుముందు కనీసము రెండు విధముల చికిత్సలు విఫలమైన రోగులే అందరును. ఇతర మందులు పొందినవారిలో వ్యాధి ముదరక నిలిచిన కాలము సగటున 1.77 మాసములు కాగా, ఈ చికిత్స పొందినవారిలో 3.25 మాసములు. జీవించిన కాలము 5.49 మాసములు కాగా, 7.92 మాసములు. శాస్త్రజ్ఞునకు ఇది గొప్ప ముందడుగు. రోగి కుటుంబమునకు ఇది సుమారు రెండున్నర మాసములు. రెండు మాటలును నిజమే. ఒకటి చెప్పి రెండవది దాచరాదు.

మూడవది ఆశను నిలుపు సంగతి. అమెరికాలోని టెక్సాసులో 2004-2009 నడుమ నరముల సంబంధమైన ఒక కణితి గల 19 మంది పిల్లలకు తొలినాటి కణములను ఇచ్చిరి. వారిలో పెక్కుమంది కొలది ఏండ్లలోనే మరణించిరి. కాని చికిత్సా సమయమున వ్యాధి ఒంటిలో ఉన్న ఒకరు 18 సంవత్సరములకు పైగ ఆరోగ్యముతో ఉన్నారని 2025లో ప్రకటించిరి. ఒక్కరిలో సాధ్యమైనది పదిమందిలో సాధ్యము చేయుటకే ఇంత శ్రమ.

ధర మాట కూడ ఒకటి చెప్పవలెను. కాలేయపు క్యాన్సరుకు దారితీయు హెపటైటిస్-బి వ్యాధికి టీకా ఒకప్పుడు విదేశములనుండి వచ్చి సామాన్యులకు అందని ధర పలికెడిది. 1997లో హైదరాబాదులోని శ్రీ వరప్రసాదరెడ్డిగారి శాంతా బయోటెక్నిక్స్ సంస్థ దానిని స్వదేశములో తయారుచేసినది. నేడు మన శిశువులకు ఆ టీకాను ప్రభుత్వము ఉచితముగ వేయించుచున్నది. కణ చికిత్స కూడ ఒకనాటికి అట్లు అందుబాటులోనికి రావచ్చును. కాని ఆ నాడు ఇంకను రాలేదు. రానిదానిని వచ్చినదని అమ్మువారు మాత్రము ముందే బయలుదేరిరి.

నాలుగు ప్రశ్నలు

రోగి బంధువులు మీ వద్దకు సలహాకు వచ్చెదరు. పొలము బేరమునకు పెద్దమనిషి సాక్షి సంతకము మీదే గదా! సంతకము చేయుటకు ముందు ఈ నాలుగు ప్రశ్నలు అడిగించుడు.

ఒకటి: ఈ చికిత్సకు కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఉన్నదా? ఉన్నచో ఏ రకపు క్యాన్సరుకు? కాగితముపై వ్రాసియిమ్మనుడు.

రెండు: ఇది ఇంకను పరీక్షలోనున్న చికిత్స యందురా? అట్లయిన దేశీయ పరీక్షల రిజిస్టరులో దాని సంఖ్య ఎంత? నైతిక సంఘము అనుమతి ఏది? పరిశోధన నిమిత్తము ఇచ్చు చికిత్సకు రోగివద్ద సొమ్ము వసూలు చేయుట పరిశోధనా నియమములకు విరుద్ధము.

మూడు: ఇదివరకు పొందుచున్న చికిత్సను మానిపించుచున్నారా? మానుమన్నవాని మాట వినవద్దు.

నాలుగు: పెద్ద ప్రభుత్వాసుపత్రిలో క్యాన్సరు వైద్యునికి ఈ కాగితములు చూపితిరా? మంగళగిరిలో ఎయిమ్స్ ఉన్నది. విశాఖపట్నమున టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సరు ఆసుపత్రి ఉన్నది. క్యాన్సరు చికిత్సలు అనేకము ఎన్.టి.ఆర్. వైద్యసేవ పథకము క్రింద లభించుచున్నవి. రెండవ అభిప్రాయము తీసికొనుట మొదటి వైద్యుని అవమానించుట కాదు.

శస్త్రచికిత్స, రేడియేషను, మందులు అనునవి పాతవని తక్కువగ చూడరాదు. మన జిల్లాలోని మంటాడలో జన్మించి, న్యూయార్కులో రేడియేషను వైద్యమున పేరుగాంచి, 2015లో పద్మశ్రీ పొందిన డాక్టరు నోరి దత్తాత్రేయుడుగారి జీవితమంతయు ఆ పాత చికిత్సను మెరుగుపరచుటలోనే గడచినది. త్వరగ కనుగొన్న గట్టి కణితి నేటికిని వీనితోనే నయమగుచున్నది.

పంచాయతీ చేయగల పని

"త్వరగ కనుగొన్న" అను మాటను మీరు మనసున నిలుపుకొనవలెను. కణితి చిన్నదిగ నున్నపుడు దాని చుట్టు పీచు కోట లేదు, లోపల లొంగని కణములు తక్కువ. ఇంత పెద్ద శాస్త్రము ఇంకను జయింపలేని శత్రువును, ముదరక ముందు ఊరి ఆరోగ్య కార్యకర్త ఒక టార్చిలైటుతో పట్టుకొనగలదు.

ఇది అలంకారము కాదు. 1996 నుండి 2004 వరకు కేరళలోని తిరువనంతపురము జిల్లాలో 13 పంచాయతీలలో ఒక పరిశీలన జరిగినది. ఏడు పంచాయతీలలో శిక్షణ పొందిన కార్యకర్తలు ఇంటింటికి పోయి, మూడేండ్లకొకసారి నోరు తెరిపించి వెలుగులో చూచిరి. ఆరు పంచాయతీలలో మామూలు పద్ధతియే సాగినది. పొగాకు గాని, మద్యము గాని అలవాటుగల వారిలో నోటి క్యాన్సరు మరణములు నూటికి 34 వంతులు తగ్గినవని 2005లో ప్రకటించిరి. బొంబాయి మురికివాడలలో లక్షన్నర మంది స్త్రీలతో జరిగిన మరొక పరిశీలనలో, పదవ తరగతి చదివిన కార్యకర్తలు పలుచని వెనిగరుతో గర్భాశయ ముఖద్వారమును పరీక్షించిరి. ఆ క్యాన్సరు వలని మరణములు నూటికి 31 వంతులు తగ్గినవని 2013లో వెల్లడియైనది. ఆ పరీక్షకు కావలసినది వంటింటి పులుపువంటి ద్రవము, దీపము, శ్రద్ధగల మనిషి.

కావున గ్రామసభలో నాలుగు తీర్మానములు చేయుడని కోరుచున్నాను.

మొదటిది: 30 ఏండ్లు దాటిన ప్రతి స్త్రీ పురుషునకు నోరు, స్త్రీలకు అదనముగ రొమ్ము, గర్భాశయ ముఖద్వారము పరీక్ష జరుగునట్లు ఆశ కార్యకర్తతోను, ఏ.ఎన్.ఎమ్.తోను కూర్చుండి వార్డులవారీగ జాబితా తయారుచేయుడు. స్త్రీల పరీక్షకు చాటుగల గది, మహిళా సభ్యురాలి తోడు ఏర్పాటు చేయుడు. సిగ్గుచేత ఆలస్యమైన ప్రాణములు మన ఊళ్ళలో ఎన్ని యున్నవో మహిళా సభ్యులకు తెలియును.

రెండవది: పాఠశాలకు 100 గజముల లోపల పొగాకు వస్తువులు అమ్మరాదని 2003 నాటి చట్టము చెప్పుచున్నది. దానిని అమలు జరుపుడు. లంకభూములలో పొగాకు పండించు రైతులు మన సోదరులే. వారిని నిందించుట నా ఉద్దేశము కాదు. కాని చుట్ట, ఖైనీ, గుట్కా మన పిల్లల నోటికి చేరకుండ చూచుట మన బాధ్యత.

మూడవది: శిశువులకు హెపటైటిస్-బి టీకా పుట్టిన 24 గంటలలో పడినదా అని విచారింపుడు. గర్భాశయ ముఖద్వార క్యాన్సరును నివారించు టీకాను ఆడపిల్లలకు చిన్నవయసుననే వేయింపదగునని ఆరోగ్య కేంద్రములో తెలిసికొని తల్లిదండ్రులకు చెప్పుడు.

నాలుగవది: మూడు వారములైనను మానని నోటిపుండు, తెల్లని మచ్చ, రొమ్ములో గడ్డ, ముట్లుడిగిన పిదప రక్తస్రావము, మింగుట కష్టమగుట, తగ్గని అజీర్తితో బరువు తగ్గుట, నల్లని విరేచనము – ఈ లక్షణములను పంచాయతీ కార్యాలయపు గోడపై పెద్ద అక్షరములతో వ్రాయించుడు. ఇవన్నియు క్యాన్సరే కానక్కరలేదు. కాని అన్నియు వైద్యునికి చూపదగినవే.

తుది మాట

ఆ రైతు సంగతి ఏమైనదని మీరడుగవచ్చును. ఆ దినము నేనతనితో నా పొరపాటును ఒప్పుకొంటిని. బేరమును ఆపుమంటిని. పిమ్మట ఇద్దరము కలసి ఆమె కాగితములను ఒక ప్రభుత్వాసుపత్రిలో చూపించితిమి. వ్యాధి అప్పటికే ముదిరియున్నదని, మందులతో బాధ తగ్గించి కొంతకాలము నిలుపవచ్చునని వైద్యురాలు నెమ్మదిగ చెప్పినది. ఏడాది ముందు, అన్నము సయించుట లేదన్నప్పుడే వచ్చియుండిన శస్త్రచికిత్సకు వీలుండెడిదేమో యని కూడ అన్నది. ఆమె పది మాసములు జీవించినది. ఇంటిలోనే, తనవారి నడుమ కన్నుమూసినది. పొలము నిలిచినది. దానిపై వచ్చు దాళ్వా పంటతో ఆమె కుమార్తె చదువు సాగుచున్నది.

తరువాత ఆ రైతు నన్ను కలిసినపుడు, "మీరు చెప్పకపోయినా ఆవిడ పోయేదేనండి. కానీ ఎకరం కూడా పోయేది" అనెను. ఆ మాటలో నాకు క్షమాపణ కలదో, నింద కలదో నేటికిని తెలియదు.

సోదరులారా! శాస్త్రజ్ఞులు తమ పని చేయుచున్నారు. భీమవరము బిడ్డ ప్రారంభించిన పోరాటము బొంబాయిలోను, హైదరాబాదులోను, ప్రపంచమంతటను సాగుచున్నది. ఎప్పుడో ఒకనాడు గట్టి కణితియు లొంగును. ఆ నాడు నేనే మీ గ్రామసభకు వచ్చి చెప్పెదను. ఈసారి ఏ రోగమునకు, ఎంత మేలు, ఎంత ఖర్చు అను మూడు ముక్కలును కలిపి చెప్పెదను. అంతవరకు మీ వార్డులో మానని పుండుతో చుట్ట కాల్చుచున్న తాతను, గడ్డను కొంగుచాటున దాచుకొన్న తల్లిని ఆరోగ్య కేంద్రమునకు తీసికొనిపోవు పని మీది. ఆ పనికి ఏ ప్రయోగశాలయు అవసరము లేదు. రేపటి ఉదయమే ప్రారంభింపవచ్చును.